ఉల్లిపొర మీద పసుపు

మా ల్యాబుకి కొత్త మైక్రోస్కోపు వచ్చింది. దానికి రెండు గొట్టాలు. రెండు కళ్లూ ఆనించి హాయిగా చూసుకోవచ్చని, ఇంక తలనొప్పులు ఉండవని తోటి టెక్నీషియన్లు కొత్త పెళ్లికూతురి చుట్టూ చేరినట్టు దాని చుట్టూ చేరారు. శ్రీకాకుళంలో జ్వరాల కాలం మొదలైతే మాకు తల ఎత్తే తీరిక ఉండదు. మలేరియా ఉందో లేదో తేల్చమని స్లైడ్లు వస్తూనే ఉంటాయి. అందుకని వాళ్ల సంబరాన్ని నేను తప్పు పట్టను. నన్నూ కూర్చోబెట్టి చూడమన్నారు. చూశాను, బాగుందన్నాను. నిజం చెప్పాలంటే ఆ రెండో గొట్టంతో నాకు పనే లేదు. నేను ఏది చూసినా ఒక కంటితోనే చూస్తాను. నా ఎడమ కన్ను మెల్లకన్ను.

ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాసేశాను గానీ, పదహారేళ్ల వయసులో ఎవరైనా నా ముందు ఆ మాటెత్తితే కొట్టినంత పని చేసేదాన్ని. బడిలో ఎవరో ఒకరు నన్ను వెక్కిరిస్తూ కళ్లు ముక్కు మీదకి తెచ్చుకునేవారు. మా మామ్మ మాత్రం, "మెల్లకన్ను అదృష్టమే గుంటా, ఆళ్లకేటి తెలుసు," అనేది. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ అదృష్టం ఎవరి కోసం దాచి పెట్టారో గానీ నాకైతే ఫోటోల్లో పక్కకి తిరిగి నిలబడడమే అలవాటైంది.

మా నాన్న దర్జీ. గజపతినగరం బజారులో చిన్న కొట్టు, పాత కుట్టుమిషను, గోడకి వేలాడే జాకెట్లు. మనిషి పనికొస్తాడో లేదో తేల్చడానికి ఆయన దగ్గర ఒకటే పరీక్ష ఉండేది. సూదిలో దారం ఎక్కించాలి. ఆయనైతే దారం కొస తడి చేసుకుని, ఒక కన్ను మూసి, ఇంకో కంటితో గురి చూసి, ఇలా పెడితే అలా దూరిపోయేది. నేను పెడితే దారం సూది పక్కనుంచి వెళ్లిపోయేది. సూది ముందు ఉందో వెనక ఉందో నాకు ఆనేది కాదు. నేను నాలుక కరుచుకుని అవస్థ పడుతుంటే నాన్న ఏమీ అనకుండా నా చేతిలోంచి సూది తీసేసుకునేవాడు. తిట్టినా బాగుండును అనిపించేది నాకు. ఆ ఊరుకోవడమే ఎక్కువ కోపం తెప్పించేది.

అటువంటి మనిషి దగ్గరకెళ్లి పది పాసయ్యాక, "నేను బైపీసీలో చేరతాను," అన్నాను.

నాకా కోరిక పుట్టింది ఆసుపత్రి వరండాలో. అంతకుముందు ఏడు మామ్మకి చలిజ్వరం వస్తే తోడుగా నేనే వెళ్లాను. కిటికీ అవతల తెల్లకోటు వేసుకున్న ఒకావిడ గొట్టంలోకి చూస్తూ కూర్చుంది. వరండా నిండా జనం. డాక్టరు కూడా ఆవిడ ఏం చెబుతుందా అని ఆగి ఉన్నాడు. ఆవిడ తలెత్తి ఒక్క మాట చెప్పింది, వరండా కదిలింది. అది చూసి నాకు ఒళ్లు పులకరించింది. సేవ చేద్దామన్న గొప్ప ఆలోచనలేవీ కాదు. నన్ను చూసి నవ్వేవాళ్లంతా ఒకనాడు నా మాట కోసం అలా కాచుకుని కూర్చోవాలి అనుకున్నాను, అంతే.

"ఆ కన్నుతోటి గొట్టంలో ఏటి సూస్తావే?" అన్నాడు నాన్న. "సీఈసీలో సేరు. లెక్కలు, పద్దులు. అందులో కళ్లతో పనుండదు."

"నా కన్ను సంగతి నీకెందుకు?" అని నేను లేచాను. ఇంట్లో అన్నం మాని అలిగాను. మామ్మ చోడంబలి గ్లాసు పట్టుకుని నా వెనకాలే తిరిగి, చివరికి కొడుకునే కసిరింది. నాన్న మెత్తబడ్డాడు గానీ ఒక మెలిక పెట్టాడు. గ్రూపు ఎప్పటివరకూ మార్చుకోవచ్చో కాలేజీలో కనుక్కుని మరీ వచ్చి చెప్పాడు: "దసరా సెలవులు అయ్యాక నాను వస్తాను. మేడమ్ గారు 'ఈ పిల్ల సూడగలదు' అంటే ఉండు. నేదంటే మారు మాటాడకుండా సీఈసీలో కూకో."

సరే అన్నాను. అప్పటికి నేను మైక్రోస్కోపుని బొమ్మలో తప్ప దగ్గరగా చూడలేదు.

మా కాలేజీలో పనిచేసే మైక్రోస్కోపు ఒక్కటే. అది చెక్కపెట్టెలో, ఆ పెట్టె ఇనుప బీరువాలో, బీరువా తాళం బోటనీ మేడమ్ బ్యాగులో ఉండేవి. ప్రాక్టికల్ రోజున ఆవిడ పెట్టె తెరిచి, దాని మెడా పాదమూ పట్టుకుని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి బల్ల మీద పెట్టేవారు. మేం చెప్పులు బయట విడిచి వరసలో నిలబడేవాళ్లం. "తోసుకోకండి, ఒకరి తర్వాత ఒకరు," అని ఆవిడ అంటుంటే గుడిలో దర్శనానికి నిలబడ్డట్టే ఉండేది. మాలో ఒకమ్మాయి చూసి వెళ్తూ మైక్రోస్కోపుని తాకి కళ్లకద్దుకుంది కూడా. మేడమ్ ఆమదాలవలస మనిషి, విజయనగరంలో కాపురం, రోజూ బస్సులో వచ్చేవారు. పాఠం చెప్పినంతసేపూ పుస్తకం భాష మాట్లాడేవారు. కోపమొచ్చినా నవ్వొచ్చినా మాత్రం ఆమదాలవలస బయటపడిపోయేది.

మొదటి ప్రాక్టికల్ శ్రావణంలో పెట్టారు. ఉల్లిపాయ పొర ఒలిచి, ఎర్రరంగు వేసి, స్లైడు మీద పరిచి చూడడం. బయట ముసురు. మైక్రోస్కోపు కింద చిన్న అద్దం ఉంటుంది, దాన్ని కిటికీ వైపు తిప్పితే వెలుతురు గొట్టంలోకి వస్తుంది. ఆ రోజు కిటికీలో మబ్బు తప్ప ఏమీ లేదు. అయినా వరస చకచకా కదిలిపోయింది.

"కనిపించిందా?"

"కనిపించింది మేడమ్."

"కనిపించిందా?"

"కనిపించింది మేడమ్."

నా వంతు వచ్చింది. అందరిలాగే ఎడమ కన్ను మూసి, కుడి కన్ను గొట్టానికి ఆనించాను. చీపురు పుల్లల్లాంటివి అడ్డంగా కదిలాయి. అవి నా కనురెప్పల వెంట్రుకలని తెలిసేసరికి కాసేపు పట్టింది. వాటి వెనక బూడిదరంగు మసక. మూసిన కన్ను అదురుతోంది, దాంతో పాటు తెరిచిన కన్నూ అదురుతోంది.

"కనిపించిందా?"

"లేదు మేడమ్," అన్నాను.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎందుకు నవ్వారో నాకు తెలుసు. మేడమ్ మళ్లీ చూడమన్నారు. మళ్లీ అదే మసక. ఇంతలో గంట కొట్టారు, మైక్రోస్కోపు పెట్టెలోకి వెళ్లిపోయింది.

మెట్ల దగ్గర నా పక్క బెంచీ స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఒసే పిచ్చిమొకమా, కనిపించిందని సెప్పేస్తే పోయేది గదా! నాకు మాత్రం ఏటి కనిపించింది?"

"మరి కనిపించిందని ఎందుకు సెప్పావే?"

"అందరూ సెప్పారు గదా. బొమ్మ పుస్తకంలో ఉన్నాది, ఏసేస్తే సరి."

గుంపులో గోవిందా అంటే అదే. దానికి ఆ గోవింద సరిపోయింది. నాకు సరిపోదు. వాళ్లకి కనిపించకపోతే మబ్బు వల్ల కనిపించలేదు. నాకు కనిపించకపోతే అది మబ్బు వల్లో, నా కన్ను వల్లో తేలాలి. అబద్ధం చెప్పి మేడమ్‌ని దాటొచ్చు, నాన్నని కూడా దాటొచ్చు, ఆ తెల్లకోటు వేసుకున్నాక ఎవరి రక్తంలోనో ఉన్నది కనిపించకపోతే అప్పుడేం చెప్పను? ఇంటికెళ్లి మామ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. నాన్న చెప్పిందే నిజమేమోనని మొదటిసారి భయం వేసింది.

దసరా సెలవులు ఇచ్చే ముందు రోజు కాలేజీలో ఆయుధపూజ చేశాం. ల్యాబంతా కడిగి, బల్లలు తుడిచి, ఉన్న సామానంతా వరసగా పెట్టాం. త్రాసుకి బొట్టు, కత్తెరలకి బొట్టు, జువాలజీ వాళ్ల అస్థిపంజరానికి నుదుటి మీద ఇంత బొట్టు. మధ్యలో పెద్దపీట మైక్రోస్కోపుది. మేడమ్ స్వయంగా దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. తర్వాత అందరి చేతుల్లోనూ అక్షింతలు పోశారు. పసుపు కొత్తది, అక్షింతలకి బాగా పట్టించారు. మేమంతా దండం పెట్టుకుని దాని నెత్తిన చల్లాం. నేనూ చల్లాను. 'తల్లీ, ఒక్కసారి కనిపించు,' అని గట్టిగా మొక్కుకున్నాను కూడా.

సెలవులంతా నాన్నకి ఊపిరాడని పని. పైడితల్లమ్మ పండగకి విజయనగరం వెళ్లేవాళ్లందరికీ కొత్త బట్టలు కావాలి. నేను గుండీలు అందిస్తూ కొట్లోనే కూర్చున్నాను. ఆయన కాలేజీ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ మిషను ఆగినప్పుడల్లా ఆ మాటే ఇద్దరి మధ్యా ఉండేది.

కాలేజీ తెరిచిన వారంలోనే మళ్లీ ఉల్లిపొర ప్రాక్టికల్. ఈసారి ఆకాశం కడిగినట్టుంది, కిటికీ నిండా ఎండ. మేడమ్ కూడా గట్టిగా ఉన్నారు. "పుస్తకంలో బొమ్మ నాకొద్దు. ఎవరికి ఏం కనిపిస్తే అది కాగితం మీద గీసి ఇవ్వండి," అన్నారు. ఈసారి అందరికీ నిజంగానే కనిపించింది. ల్యాబంతా ఒకటే కేకలు. నేను కావాలనే అందరికంటే వెనక నిలబడ్డాను. నా వెనక నవ్వేవాళ్లు ఉండకూడదని.

వరస కదులుతుండగానే మేడమ్ కాగితాలు చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఒక్కో కణానికి ఒకటే కేంద్రకం ఉంటుందని చెప్పాను. మీరందరూ రెండేసి మూడేసి పెట్టారేమిటి?"

"అలాగే ఉన్నాయి మేడమ్!" అని అందరూ ఒకేసారి అరిచారు.

నా స్నేహితురాలు ఇంకో అడుగు ముందుకేసింది. "పుస్తకంలో ఉల్లిపాయ ఏరు మేడమ్, మన గజపతినగరం ఉల్లిపాయ ఏరు."

అప్పటికి నేను గొట్టం దగ్గర ఉన్నాను. ఈసారి తొందరపడలేదు. అద్దాన్ని నెమ్మదిగా తిప్పితే లోపల గుండ్రంగా తెల్లటి వెలుగు పరుచుకుంది. పక్కనుంచి చూస్తూ గొట్టాన్ని కిందికి దించి, తర్వాత కన్ను ఆనించి కొద్దికొద్దిగా పైకి లేపాను. మసకలోంచి ముందు ఎర్రటి గీతలు వచ్చాయి. ఆ గీతలు సన్నబడి, పదునెక్కి, గది పక్కన గదిగా కట్టిన గోడ అయిపోయాయి. ప్రతి గదిలోనూ ఒక చిన్న చుక్క. రోజూ పోపులో వేసే ఉల్లిపాయలో ఇంత కట్టడం ఉందా అనిపించింది. నాకు కనిపిస్తోంది! నా కళ్లలో నీళ్లు వచ్చి ఆ గోడంతా చెదిరిపోయింది. తుడుచుకుని మళ్లీ చూశాను. ఆ ఆనందంలో ఎడమ కన్ను మూసుకోవాలన్న సంగతే మరిచిపోయాను.

అప్పుడు కనిపించాయి మిగతా మచ్చలు. గదుల్లో ఉన్న చుక్కల్లా లేవు, అంచులు మసకగా, ఒకటి గోడ మీద, ఒకటి గది మధ్యలో, ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. స్లైడుని వేలితో కొంచెం జరిపాను. నేను కుడికి జరిపితే కణాలు ఎడమకి పోయాయి. మచ్చలు మాత్రం కదల్లేదు.

"మేడమ్, ఈ మచ్చలు ఉల్లిపాయవి కావు. మైక్రోస్కోపులోనే ఉన్నాయి."

"ఆడలేక మద్దెల ఓడన్నాదట!" అంది నా స్నేహితురాలు. ల్యాబంతా గొల్లుమంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కంటికి ఆనే పైముక్కని పట్టుకుని గిర్రున తిప్పాను. మచ్చలన్నీ దాంతో పాటు తిరిగాయి. ఉల్లిపొర ఉన్నచోటే ఉంది. "కావాలంటే వచ్చి సూడండి!" అని అరిచాను.

మేడమ్ వచ్చారు. చూశారు, తిప్పారు, మళ్లీ చూశారు. పైముక్కని ఊడదీసి దాని గాజుని చీరకొంగుతో తుడిచారు. కొంగు పచ్చబడింది.

"ఓలమ్మ! అచ్చింతల పసుపు!" అన్నారు. "నానే గదే పోశాను మీ సేతుల్లో!" అని కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వితే ఎవరు ఆగుతారు? క్లాసంతా అమ్మవారి పసుపుని ఉల్లిపాయకి అంటగట్టి బొమ్మలు గీశారు. నా స్నేహితురాలు తన కాగితం చింపి నోట్లో పెట్టుకున్నంత పని చేసింది.

గాజు శుభ్రం చేశాక మేడమ్ నన్నే మళ్లీ చూడమన్నారు. చూస్తున్నాను. ఆవిడ నా పక్కనే నిలబడి నా ముఖంలోకే చూస్తున్నట్టు తెలిసింది. ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

"రెండు కళ్లూ తెరిచే సూస్తన్నావా?"

గబుక్కున చేత్తో ఎడమ కన్ను మూసేసుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిందికి దించారు. "మూయకు. అలాగే ఉంచు. పక్కన బల్ల మీద వస్తువులు అడ్డు రావడం లేదా?"

"నేదు మేడమ్. ఆ కన్ను దేన్నీ పట్టించుకోదు."

ఆవిడ అందరికీ వినబడేలా చెప్పారు. మైక్రోస్కోపు ముందు పూటలకి పూటలు కూర్చునేవాళ్లు రెండు కళ్లూ తెరిచే చూడాలట. ఒకటి మూసుకుంటే కాసేపటికి ముఖమంతా నొప్పి పుడుతుందట. తెరిచిన రెండో కంటిని లెక్కలోకి తీసుకోకుండా ఉండడం ఆవిడకి ఎమ్మెస్సీ అయ్యేదాకా పట్టుబడలేదట. "దీనికి చూడండి, పుట్టుకతోనే వచ్చేసింది," అన్నారు. నా గురించి, నా కన్ను గురించి అటువంటి మాట ఒకరు అనగా వినడం నాకదే మొదలు. గర్వంతో చెవులు వేడెక్కాయి.

తర్వాత శనివారం నాన్న వచ్చాడు. కొట్లోంచి నేరుగా వచ్చాడేమో, మెడలో టేపు అలాగే ఉంది, చొక్కా మీద దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. "నమస్కారం మేడమ్ గారూ. మా గుంట సూడగలదేటండీ?" అని గుమ్మంలోనే అడిగేశాడు.

మేడమ్ బీరువా తాళం తీసి, "నువ్వే పెట్టి మీ నాన్నకి చూపించు," అన్నారు. ఉల్లిపాయ లేదు. నాన్న చొక్కా మీదనుంచి ఒక దారం ముక్క తీసి, పురి విప్పి, నీటిబొట్టులో పెట్టి, పైన సన్నటి గాజుపలక మూశాను. సరిచేసి రమ్మన్నాను. నాన్న సూదికి గురి చూసినట్టే ఒక కన్ను మూసి వంగాడు.

"ఇదేటే? పడవ కట్టే పగ్గాల్లాగున్నాది."

"నీ దారమే నాన్నా."

ఆయన మళ్లీ వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచాక, "నువ్వు సూడు. ఎలా సూస్తావో నాను సూడాలి," అన్నాడు. నేను రెండు కళ్లూ తెరిచి చూశాను. మేడమ్ ఆయనకి అంతా చెప్పారు. ఆ ఎడమ కన్ను అడ్డు రాకపోవడమే దీనికి సాయమని చెప్పారు. నాన్న తల వంచుకుని టేపు కొస చుట్టుకుంటూ విన్నాడు.

"సిన్నప్పుడు ఇజీనారంలో డాక్టరు గారికి సూపించానండి," అన్నాడు ఉన్నట్టుండి. "బాగున్న కంటికి కట్టు కట్టమన్నారు. అప్పుడు మెల్లకన్ను పని నేర్సుకుంటాదన్నారు. కట్టానండి. దారి కానక గోడలకి తగులుకుని ఏడిసేది. 'నాన్నా ఇప్పీ, నాన్నా ఇప్పీ' అని నా కాళ్లు పట్టుకునీది. ఇప్పేశాను. మళ్లీ కట్టనేదు."

ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేను సూదిలో దారం ఎక్కించలేకపోయినప్పుడల్లా ఆయన మౌనంగా సూది తీసుకున్నది నా మీద విసుగుతో కాదని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఆయన మీద పెంచుకున్న కోపం ఏం చేసుకోవాలో తెలియక స్లైడు కడగడానికి నీళ్ల దగ్గరకి వెళ్లిపోయాను.

"ఏడుస్తుంటే ఏ తండ్రి కట్టి ఉంచుతాడండీ?" అన్నారు మేడమ్ నా వెనక. "పిల్ల చూడగలదు. అందరికంటే బాగా చూడగలదు."

"అలాగైతే ఇందులోనే ఉండనీండి," అన్నాడు నాన్న. బయటికొచ్చాక బజారు దాకా నా పుస్తకాల సంచి ఆయనే మోశాడు.

ఆ మరుసటి ఏడు దసరాకి కొట్లో పూజ. మామ్మ పీట మీద కూర్చుని అక్షింతలు కలిపింది. నాన్న మిషనుకి బొట్టు పెట్టాడు. కత్తెరకి, టేపుకి, ఇస్త్రీ పెట్టెకి పెట్టాడు. పళ్లెం దించేస్తాడనుకున్నాను. "ఒలే, ఇలా రా," అన్నాడు. వెళ్లాను. గడ్డం పట్టుకుని నా ముఖం వెలుతురులోకి తిప్పి, ఎడమ కనుబొమ మీద కుంకుమ బొట్టు పెట్టాడు.

"అక్కడెందుకు నాన్నా?" అన్నాను.

"పనిముట్టుకి పెట్టాల గదే," అన్నాడు. "కదలకు. కంట్లోకి రాల్తాది."